మారెక్క ఏడుపు, సుంకన్న పంతం

కొండకిందపల్లెలో మారెక్క వచ్చి ఏడ్చేదాకా పీనుగను లేపేవాళ్లు కాదు. పాడె కట్టడం అయిపోయినా, తప్పెట్లోళ్లు బీడీలు కాల్చడం అయిపోయినా, పెద్దమనుషులు పొద్దు పోతాందని తొందర పెట్టినా, ఆ ఇంటి ఆడోళ్లు మాత్రం "మారెక్కను రానీ" అని కదలకుండా కూర్చునేవాళ్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆమె కోసం ఆటో పంపించేవాళ్లు. ఆమె దిగి, కొంగు నడుముకు దోపుకోని, పీనుగ తలకాడ కూర్చోని, ఆ మొగాన్ని ఒకసారి తేరిపార చూసేది. ఆ తరువాత రాగం ఎత్తుకునేది.

ఆ రాగంలో పోయిన మనిషి మళ్లా లేచి నడిచేవాడు. ఏం తినేవాడు, తలగుడ్డ ఎట్ల చుట్టేవాడు, ఎవరితో ఎందుకు కొట్లాడినాడు, పెండ్లాన్ని ఏమని పిలిచేవాడు, అన్నీ వచ్చేవి. రెండు మంచి మాటలకు ఒక తిట్టు కలిపేది. తిట్టు లేకపోతే అది ఏడుపు కాదనేది మారెక్క లెక్క. అబద్ధం మాత్రం ఒక్కటి కూడా కలపదు. అందుకే తలకాడ కూర్చునేముందే ఆ ఇంటి చుట్టాలను పక్కకు పిలిచి అడిగి తెలుసుకుంటాది, తెలీకపోతే ఏడవదు. బడికి పోయింది మూడో క్లాసు దాకే అయినా, మూడు మండలాల మనుషుల గుణాలు ఆమె నోట్లో ఉండేవి.

ఆమె మొగుడు సుంకన్న. అరవై మూడేండ్లు. నాలుగెకరాల చెనిక్కాయ చేను, ఆరు మేకలు, ఒక పాత రేడియో. మనిషి మంచోడే, కాని పంతం జాస్తి. నలభై ఏండ్ల సంసారంలో పెండ్లాం నోటి నుంచి తన గురించి ఒక్క మంచి మాట విన్నట్టు ఆయనకు గుర్తు లేదు. చెప్పులు లోపలికి తెస్తే తిట్టు, రేడియో గట్టిగా పెడితే తిట్టు, కూరలో ఉప్పు జాస్తయిందంటే రెండు తిట్లు. దానికి ఆయన ఎప్పుడూ బాధపడలేదు. ఆదెన్న చచ్చేదాకా.

ఆదెన్న సుంకన్నకు పెద్దనాయన కొడుకు. తాగి తాగి పోయినాడు. బతికినన్నాళ్లు ఒక పూట పని చేసినవాడు కాదు. అట్లాంటోని తలకాడ మారెక్క ముక్కాలు గంట ఏడ్చింది. "ఎవరి మేక తప్పిపోయినా గుట్టంతా తిరిగి తెస్తివి, నీ దోవ మాత్రం నువ్వు తప్పితివి" అని రాగం తీసేసరికి, ఆదెన్నను చెప్పుతో కొట్టిన అల్లుడు కూడా తలగుడ్డ మొగానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ పొద్దు ఇంటికొచ్చి సంగటి కెలుకుతాన్న పెండ్లాం ఎదురుగా సుంకన్న కూర్చున్నాడు.

"ఆదెన్నకు ముక్కాలు గంట ఏడిస్తివి."

"ఊఁ."

"నాకెంతసేపు ఏడుస్తావు?"

మారెక్క చేతిలో తెడ్డు నిలబడిపోయింది. "నీ నోట్లో మన్ను పడ. సందేళ పూట ఏం మాటలయ్యా అవి?"

"అట్ల కాదు మే. నువ్వు నా మీద ఏడ్చేది ఊరంతా ఇంటాది. కదిరి నుంచి, ధర్మవరం నుంచి వచ్చిన చుట్టాలు కూడా ఇంటారు. నా గురించి చెప్పింది నేనొక్కణ్ణే ఇనను. ఇదేం న్యాయం? ఒక్కసారి ఇప్పుడే ఇనిపించు. మెల్లగానే చెప్పు, పక్కింటోళ్లకు కూడా వద్దు."

"బతికుండే మనిషి మీద రాగం తీస్తే మట్టిని పిలిచినట్టే. మా అమ్మ చెప్పింది. సంగటి తిని పండుకో."

అంతటితో అయిపోవాల్సిన మాట. కాని రెండు నెలలకు, చేనిలో గట్టు మీద సుంకన్న రొమ్ము పట్టుకోని కూలబడినాడు. అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు పటం చూపించి, గుండెకు పోయే నరంలో ఒకచోట మూసుకుపోయిందని, దాంట్లో స్ప్రింగు మాదిరిది ఒకటి పెట్టాలని చెప్పినాడు. సర్కారు వైద్యం కార్డు ఉండాది కాబట్టి దుడ్ల చింత లేదు. రమ్మన్న రోజు పోవాల, అంతే.

సుంకన్న పోలేదు. రెండోసారి తేదీ ఇచ్చినారు. అప్పుడూ పోలేదు.

"ఏడుపు ఇనిపిస్తే పోతా" అన్నాడు.

గుంతకల్లు నుంచి కూతురు జయంతి ఫోన్ చేసింది. "నాయనా, నువ్వేమన్నా చిన్నపిల్లోడివా?"

"మీ యమ్మను అడుగు. ఆమె చేతుల్లో ఉండాది."

"అమ్మా, నువ్వన్నా చెప్పు."

"ఏం చెప్పాల? నా నోటితో నేను నా తాళి తెంపుకోవాల్నా?" అని మారెక్క ఫోన్ పెట్టేసింది.

మూడోసారి తేదీ ఇచ్చేటప్పుడు డాక్టరు గట్టిగానే అన్నాడు. "ఈ గురువారం రాకపోతే ఇంక నన్ను అడగొద్దు పెద్దాయనా. ఇది నువ్వు ఆడుకునే వస్తువు కాదు." సుంకన్న తల ఊపి వచ్చినాడు. నిజం చెప్పాలంటే ఆయనకు భయం ఉండింది. బల్ల మీద పండుకోబెట్టిన తరువాత లేస్తానో లేదో. లేవకపోతే, నలభై ఏండ్లు ఈ ఆడమనిషి తనను ఏమనుకునిందో తెలీకుండానే పోవాల. ఆ మాట నోటితో చెప్పేకి సిగ్గు. అందుకే పంతం మాదిరి చెప్తాన్నాడు.

ఆ వారంలోనే నిఖిత వచ్చింది.

నిఖిత బత్తలపల్లెలో బట్టలంగడి నాగేశ్వరయ్య మనవరాలు. బెంగుళూరులో బొమ్మల సినిమాలు తీసే చదువు చదివి, ముగ్గురు స్నేహితులతో కలిసి సొంతంగా ఒకటి తీస్తాంది. చంకలో చెప్పుల డబ్బా ఒకటి పెట్టుకోని వచ్చి, అరుగు మీద కూర్చోని, మూత తీసింది. లోపల దూది మీద జానెడు పొడుగు మనిషి పండుకోని ఉన్నాడు. తీగతో కాళ్లు చేతులు, మేకతోలుతో మొగం, పీక్కపోయిన దవడలు, గిన్నెల మాదిరి కండ్లు, కండ్ల కింద మసి.

మారెక్క వంగి చూసింది. "ఇంత ఎండిపోయినాడేం పాపా, అన్నం పెట్టలేదా?"

"చచ్చిపోయినాడవ్వా."

"చచ్చినా ఇట్ల ఎండరు. నేను శానా మందిని చూసినా."

బొమ్మను రవ్వంత కదిలించి ఒక ఫోటో, మళ్లా రవ్వంత కదిలించి ఇంకో ఫోటో, అట్ల వేలకు వేలు తీసి కలిపితే నడిచినట్టు కనిపిస్తాదని నిఖిత చెప్పింది.

సుంకన్నకు ఆసక్తి పుట్టింది. "ఒక చెయ్యి ఎత్తేకి ఎంతసేపు పడతాది?"

"ఒక పూట పడతాది తాతా."

"మా ఆదెన్న కూడా అంతే సేపు తీసుకుంటాండె."

సినిమా కథ కూడా చెప్పింది నిఖిత. ఒక ఎండిపోయిన ఊరు. ఊర్లో పన్నెండు వందల అడుగులు తోడినా నీళ్లు పడని బోరు ఒకటి. దాని అడుగున చచ్చినోళ్ల ఊరు. ఆడ మాత్రం నీళ్లే నీళ్లు. దయ్యాలు వరి నాటుతాంటాయి, ఎముకల పిల్లోళ్లు ఈత కొడతాంటారు, అస్థిపంజరాలకు పెండ్లిళ్లు అవుతాంటాయి. ఆ ఊరి వాకిట్లో ఒక దయ్యం రిజిస్టరు పెట్టుకోని కూర్చోని, వచ్చినోళ్లను ఒకటే అడుగుతాది: నీ మీద ఎవరేడ్చినారు? ఎవరూ ఏడవకపోతే లోపలికి రానీదు. ఈ బొమ్మ మనిషి చెన్నప్ప చచ్చిపోతాడు. పెండ్లాం ఏడవదు. ఏడిస్తే వాడు నిజంగా పోయినట్టేనని ఆమె పంతం. దాంతో వాడు లోపలికి పోలేక, దినామూ ఇంటికే వస్తాంటాడు. మేకలు బెదురుతాయి. సంగటి తింటాంటే దవడ ఊడి తట్టలో పడతాది. ముంజేతి ఎముకను కుక్క ఎత్తుకోని పోతే దాని వెంట పరిగెత్తుతాడు.

సుంకన్న పడీపడీ నవ్వినాడు. మారెక్క నవ్వలేదు.

"ఏడవకుండా మంచి పనే చేసింది ఆ పిల్ల" అనింది.

"కాని చివర్లో ఏడుస్తాదవ్వా. ఆ ఏడుపు నీ గొంతుతో కావాల. ఆదెన్న తాత సావు వీడియో చూసినా. అట్ల ఏడ్చేటోళ్లు నాకు ఇంకెవరూ దొరకరు."

"బొమ్మ మీదనా?"

"బొమ్మ మీదనే."

మారెక్క ఆలోచించింది. బొమ్మ ఎప్పుడూ బతికింది లేదు. దాని మీద ఏడిస్తే ఎవరికీ కీడు లేదు. "సరే" అని, కొంగు సర్దుకోని, అడగడం మొదలుపెట్టింది. "ఈ చెన్నప్పకు ఏమిష్టం?"

నిఖిత బిత్తరపోయింది. "ఇష్టం అంటే... కాఫీ."

"కాఫీ గ్లాసుతో తాగుతాడా, సాసర్లో పోసుకుంటాడా?"

"అదంతా అనుకోలేదవ్వా."

"తలగుడ్డ చుడతాడా, భుజాన ఏసుకుంటాడా? నిద్దర్లో గురక పెడతాడా? అత్తగారింటికి పోతే ఎన్నాళ్లుంటాడు? పెండ్లాన్ని కొట్టినాడా ఎప్పుడన్నా?"

"సాధారణమైన మనిషవ్వా."

"సాధారణమైన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు పాపా. ఏమీ తెలీకుండా ఏడ్చేకి నేనేమన్నా రేడియోనా? ఇంటికి పోయి రాసుకోని రా."

మంగళవారం పొద్దున తొమ్మిదికి వస్తానని, పదిన్నరకంతా అయిపోతాదని చెప్పి నిఖిత పోయింది. శబ్దం గోడలకు తగిలి మోగకుండా ఇంట్లో ఉన్న బొంతలన్నీ కిటికీలకు, గోడలకు కట్టాలని కూడా చెప్పింది.

మంగళవారం సుంకన్నను మారెక్క పొద్దున్నే బయటికి పంపించింది. "నువ్వు ఎదురుగా ఉంటే నాకు నవ్వొస్తాది. బత్తలపల్లెకు పోయి గడ్డం చేయించుకోని, రెండు కల్లంగడి పండ్లు తీసుకోని, మెల్లగా రా. ఎండలో నడవాకు."

సుంకన్న ఫోన్ ఇంట్లోనే చార్జింగుకు పెట్టి మరిచిపోయి పోయినాడు. బస్టాండు కాడ రాఘవేంద్ర అంగట్లో గడ్డం చేయించుకున్నాడు. పక్కన ఓబిలేష్ శామియానా అంగడి. ఒకవైపు బోర్డు మీద పెండ్లికొడుకు పెండ్లికూతురు బొమ్మ, ఇంకోవైపు బోర్డు మీద పీనుగను పెట్టే ఐసు పెట్టె బొమ్మ. రెండు బోర్డుల మీదా ఫోన్ నంబరు ఒకటే. సుంకన్న బొరుగులు తిని, టీ తాగి, పేపరు చదివి, పుచ్చపండ్లు బేరం చేసి బయటికి వచ్చేసరికి రెండు దాటింది. అప్పుడే ఓబిలేష్, ఐసు పెట్టెను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తాన్నాడు.

"యాడికప్పా?"

"మీ ఊరికే మామా. రామలక్ష్మమ్మ ఫోన్ చేసింది. బిరీన తెమ్మనింది. పెట్టె, ఒక శామియానా, ఇరవై కుర్చీలు."

"ఎవరు పోయినారంట?"

"పేరు చెప్పకుండానే ఏడ్చుకుంటా పెట్టేసింది. మారెక్క అత్త ఏడుస్తాండాదంట, అంతే చెప్పింది."

సుంకన్న వేళ్లు మడిచి లెక్క వేసినాడు. రికార్డింగు పదిన్నరకే అయిపోయింటాది. ఇప్పుడు రెండు దాటింది. అంటే ఎవరో నిజంగానే పోయినారు. రామలక్ష్మమ్మ పక్కింటామె, ఆమె కాదు, ఆమే ఫోన్ చేసింది కదా. ఇంక మిగిలింది కుళ్లాయప్ప. రెండేండ్లుగా మంచం పట్టుకోని ఉండాడు.

"కుళ్లాయప్పే" అన్నాడు. "పాపం, మంచోడు. నన్ను కూడా ఎక్కించుకో అబ్బీ."

"ఎక్కు మామా. వెనక కూర్చోని పెట్టె జరక్కుండా పట్టుకో."

అట్ల సుంకన్న ఎండలో, అద్దాల పెట్టెను రెండు చేతులతో కరుచుకోని, దాని మీద కల్లంగడి పండ్లు పెట్టుకోని, కుళ్లాయప్పను తలుచుకుంటా బయల్దేరినాడు. దోవ పొడుగునా కుళ్లాయప్ప గురించి మారెక్క ఏమని ఏడుస్తాదా అని ఆలోచించినాడు. వానికి కూడా అరగంటకు తక్కువ ఏడవదు, నాకే లేదు, అనుకున్నాడు.

ఊర్లో జరిగింది వేరే. నిఖిత రాసుకోని వచ్చిన వివరాలు మారెక్కకు సరిపోలేదు. ఒకటి అడిగితే ఇంకొకటి పుట్టె. కరెంటు రెండుసార్లు పోయె. ఏడుపు మొదలయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అంతకు ముందే కిటికీలన్నిటికీ బొంతలు కట్టిన ఇంటిని చూసి రామలక్ష్మమ్మకు అనుమానం. లోపల నుంచి మారెక్క రాగం వినబడేసరికి గుండెలో రాయి పడింది. సొంత ఇంట్లో కూర్చోని మారెక్క ఎవరి మీద ఏడుస్తాది? సుంకన్నకు గుండె జబ్బని ఊరందరికీ తెలుసు. ఆసుపత్రికి పోనన్నాడనీ తెలుసు. రామలక్ష్మమ్మ పోయి తలుపు తట్టింది. తలుపు నాలుగు వేళ్లంత తెరుచుకునింది. నిఖిత కనబడింది. ఆ పిల్ల కండ్లు ఎర్రగా ఉన్నాయి, చెంపల మీద నీళ్లు కారుతాన్నాయి. నోటి మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపి, తలుపు మూసేసింది. శబ్దం చేయొద్దని ఆ పిల్ల చెప్పింది. అయిపోయిందని రామలక్ష్మమ్మకు అర్థమైంది.

పది నిమిషాల్లో వీధంతా వచ్చి వాకిట్లో కూర్చునింది. సుంకన్నకు ఫోన్ చేసి చూద్దామని ఒకరికి తోచింది. ఫోన్ లోపల ఇంట్లోనే మోగింది. దాంతో ఉన్న రవ్వంత అనుమానం కూడా తీరిపోయింది.

ఆటో మలుపు తిరిగి ఇంటి ముందర నిలబడింది. సుంకన్నకు మొదట కనబడింది కుళ్లాయప్ప. కుర్చీలో కూర్చోబెట్టినారు. చేతికర్ర మీద గడ్డం ఆనించి ఏడుస్తాన్నాడు. "నాకంటే పదిహేనేండ్లు చిన్నోడు... మొన్న వచ్చి బీడీ ఇచ్చిపోయినాడు..."

సుంకన్న పెట్టె వెనక నుంచే పలకరించినాడు. "కుళ్లాయప్పా, నువ్వు బాగుండావే. మరి పోయిందెవరు?"

వాకిట్లో అందరూ ఒక్కసారి అటు తిరిగినారు. పెట్టె వెనక, అద్దంలో నుంచి, కొత్తగా గడ్డం చేయించుకున్న సుంకన్న మొగం. ఒకామె చేతిలో చెంబు కిందపడింది. రామలక్ష్మమ్మ ఒకటే అనింది.

"పోయినోనివి పోయినట్టు ఉండక, పెట్టె కూడా నువ్వే తెచ్చుకుంటివా సుంకన్నా?"

ఆయన ఏదో అనబోయినాడు. అప్పుడే బొంతల వెనక నుంచి, ఆగిన రాగం మళ్లా లేచింది. ఆ గొంతు వినేసరికి సుంకన్నకు అంతా తెలిసిపోయింది. ఎవరూ చావలేదని తెలిసింది. లోపల బొమ్మ మీద ఏడుపు జరుగుతాందని తెలిసింది. ఆటో దిగి, నోటి మీద వేలు పెట్టుకోని, "ఉష్. ఎవరూ పోలేదు, బొమ్మ మీద ఏడుస్తాంది. రవ్వంతసేపు ఇననీయండప్పా" అన్నాడు.

తన సావుకు తెచ్చిన కుర్చీల్లో ఒకటి ఓబిలేష్ చేతుల్లో నుంచి తీసుకోని, కిటికీ కాడ వేసుకోని కూర్చున్నాడు. లోపల మారెక్క పాడతాంది:

"కాఫీ సాసర్లో పోసి ఊదితివి, మీసమంతా తడిపితివి,
ఉప్పు జాస్తని ఊరంతా చెప్తివి, తట్ట మాత్రం తుడిచి పెడితివి..."

వాకిట్లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. సుంకన్న మీసం తడుముకున్నాడు. సాసరంటే ఆ పిల్ల రాసుకోని వచ్చింటాది. ఉప్పు మాట యాడ నుంచి వచ్చింది?

"నాలుగు బోర్లు తోడితివి, నాలుగింట్లో దుమ్ము చూస్తివి,
అయినా అరచేత టెంకాయ పెట్టుకోని, ఐదోదానికి నీళ్ల జాడ వెతికితివి,
నీ పిచ్చికి నేనేం పేరు పెట్టుదు నా దొరా..."

కుళ్లాయప్ప ఏడుపు ఆపి చెవి ఒగ్గినాడు. ఈ ఏడుపు ఎవరి మీదో ఇప్పుడు వాకిట్లో ఎవరికీ అనుమానం లేదు. మారెక్క తరం ఆడోళ్లు మొగుని పేరు నోటితో చెప్పరు. చెన్నప్ప అనే పేరు కూడా ఆమె ఎప్పుడో వదిలేసినట్టుంది. దొరా అని, రాజా అని పిలుస్తాంది.

"చెప్పులు బయట ఇడవమని చెప్పి చెప్పి నా నోరు పోయె,
ఈ పొద్దు చెప్పులు బయటే ఉండాయి, ఇడిసిన కాళ్లు యాడికి పోయె..."

సుంకన్న వంగి తన కాళ్లు చూసుకున్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. అంతటితో అయిపోయిందనుకున్నాడు. రాగం ఒక మెట్టు దిగి, పక్కనున్నోళ్లతో చెప్పినట్టు మెల్లగా వచ్చింది:

"చెట్టు లేని చేనిలో నేను కలుపు తీస్తాంటే,
ఏమీ అనకుండా వచ్చి ఎండకు అడ్డం నిలబడితివి,
నేను జరిగితే నువ్వు జరిగితివి, నీ నీడ నా ఈపు మీదే పెడితివి,
తెలీనట్టు నేను వంగితి, తెలీదనే నువ్వు పోతివి..."

ఆ సంగతి సుంకన్న ఎవరికీ చెప్పలేదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు బీడీ కాల్చుకునే నెపం మీద ఆమె పక్కన నిలబడేవాడు. సూర్యుడు జరిగే కొద్దీ అడుగడుగూ జరిగేవాడు. పని చేయకుండా నిలబడినాడని అప్పుడు కూడా తిట్టేది. ఆమెకు తెలుసునని నలభై ఏండ్లలో ఒక్కసారి కూడా ఆయనకు తట్టలేదు.

తలగుడ్డ తీసి మొగం తుడుచుకున్నాడు. రామలక్ష్మమ్మ ఆయన వైపు చూసి, మర్యాదగా ఇంకోవైపు తిరిగింది. అట్ల ఆమె తిరగడం ఆ వీధిలో అదే మొదటిసారి.

రాగం నిలిచిపోయింది. కాసేపటికి తలుపు తెరుచుకునింది. మారెక్క కొంగుతో మొగం తుడుచుకుంటా బయటికొచ్చింది. వాకిట్లో జనం. సగం కట్టిన శామియానా. ఐసు పెట్టె. అలవాటు కొద్దీ కొంగు నడుముకు దోపుకునింది.

"ఎవరు పోయినారు?"

"నేనే" అన్నాడు సుంకన్న.

ఆ నవ్వులకు గుట్ట మీద మేకలు కూడా తలెత్తి చూసింటాయి. మారెక్క మాత్రం నవ్వలేదు. మొగుని మొగమే చూస్తాంది. "ఏమయ్యో. నువ్వేమన్నా ఇన్యావా?"

ఆమె గొంతులో భయం సుంకన్నకు తెలిసింది. పేరు చెప్పకపోయినా బతికుండే మనిషి మీద ఏడ్చింది. అది ఆయన చెవిన కూడా పడిందంటే, గురువారం దాకా ఆమెకు నిద్దర ఉండదు.

"ఏమీ ఇనలా. ఇప్పుడే వస్తి. ఆటో శబ్దంలో ఏం ఇనబడతాది?"

"ఇనలేదా?" అని మారెక్క జనం వైపు తిరిగింది. కుళ్లాయప్ప తల ఊపినాడు. "మాకేం ఇనబడలా మే. బొంతలు కట్టింటివి కదా." రామలక్ష్మమ్మ కూడా, జీవితంలో ఏ సంగతీ దాచనామె, "ఒక్క ముక్క ఇనలేదు" అనింది.

ఓబిలేష్ తల గోక్కున్నాడు. "వచ్చిన పెట్టెను ఖాళీగా ఎనక్కి తీసుకపోతే మా నాయన ఒప్పుకోడు మామా. ఆ పెట్టె వెంటనే ఇంకొకరి పీనుగను అడుగుతాదంటాడు."

"ఖాళీగా ఎందుకు పోవాల?" అని సుంకన్న లేచినాడు. వైరు తీసి కరెంటుకు పెట్టించి, తెచ్చిన కల్లంగడి పండ్లు రెండూ పెట్టెలో పండుకోబెట్టినాడు. పక్క వీధి నుంచి ఇంకో నాలుగు వచ్చినాయి. గంటసేపటికి తీసి కోసినారు. "ఛీ, పీనుగల పెట్టె" అని రామలక్ష్మమ్మ మొగం తిప్పుకునింది. అందరూ తింటాంటే చూసి, ఒక ముక్క అడిగింది. తరువాత రెండు ముక్కలు అడక్కుండానే తినింది. ఆ గోల, ఆ నవ్వులు, గింజలు ఉమ్మే శబ్దంతో సహా నిఖిత మైకు పెట్టి పట్టుకునింది. ఎందుకు పాపా అంటే, చచ్చినోళ్ల ఊర్లో పెండ్లి భోజనాలకు పనికొస్తాదని చెప్పింది.

కోసిన ముక్క మారెక్క చేతికిస్తా సుంకన్న అన్నాడు. "గురువారం ఎన్నింటికి బస్సు?"

ఆమె ఆయనను అనుమానంగా చూసింది. "ఏడుపు ఇనిపిస్తేనే పోతానంటివి."

"యా ఏడుపు? ఆ పెట్టెను పట్టుకోని వచ్చినా కదా. శానా ఇరుకుగా ఉండాది. దాంట్లో పండుకునేకి నాకు తొందరేం లేదు."

గురువారం పొద్దున ఎనిమిదికి బత్తలపల్లె రోడ్డు మీద బస్సు కోసం నిలబడినారు. ఆడ నీడ లేదు. సంచి కిందపెట్టి మారెక్క ఒక రాయి మీద కూర్చునింది. సుంకన్న బీడీ తీసి, డాక్టరు వద్దన్నాడని గుర్తొచ్చి మళ్లా జోబిలో పెట్టుకున్నాడు. తూర్పు వైపుకు పోయి నిలబడినాడు. ఆయన నీడ ఆమె మీద పడింది. ఆమె సంచి సర్దుకునేకి రవ్వంత జరిగింది. ఆయన రవ్వంత జరిగినాడు.

మారెక్క నేల మీద నీడను చూసింది.

"ఇనలేదంటివి" అనింది.

"ఏం ఇనలా."

"మరి ఆడ ఎందుకు నిలబడితివి?"

"బస్సు కనబడాల కదా."

బస్సు వచ్చేది ఇంకోవైపు నుంచి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బస్సు వచ్చేదాకా ఆమె ఆ నీడలోనే కూర్చునింది.

స్ప్రింగు బాగా కూర్చునింది. మూడో రోజు ఇంటికి పంపించినారు. ఆసుపత్రి పప్పులో ఉప్పు లేదని సుంకన్న అక్కడందరికీ చెప్పి వచ్చినాడు.

సినిమా అయిపోయేసరికి ఏడెనిమిది నెలలు పట్టింది. నిఖిత దాన్ని మొదట కొండకిందపల్లెలోనే వేసింది. మాపటేళ బడి గదిలో. కిటికీలకు వెలుగు రాకుండా మళ్లా మారెక్క బొంతలే కట్టినారు. తెల్లపంచె మీద చెన్నప్ప కనబడినాడు. దవడ ఊడి సంగట్లో పడింది, పిల్లోళ్లు అరిచినారు. కుక్క ఎముకతో పారిపోయింది. బోరు అడుగున అస్థిపంజరాలు పెండ్లి విందులో కూర్చోని పకపకా నవ్వుతాంటే, "అది నా నవ్వే" అని రామలక్ష్మమ్మ లేచి నిలబడింది. దయ్యం గింజ ఉమ్మిన శబ్దం కుళ్లాయప్పదని అందరూ ఒప్పుకున్నారు.

తరువాత చెన్నప్ప పెండ్లాం గుమ్మంలో కూర్చోని నోరు తెరిచింది. మారెక్క గొంతు వచ్చింది. చెన్నప్ప చెప్పులు బయట విడిచి, ఒక్కొక్క అడుగూ వేసుకుంటా బోరు వైపు నడిచినాడు. ఆ నడక ఎన్ని దినాలు పట్టిందో ఏమో. వాడు దిగిపోయినాక బోరులో నుంచి నీళ్లు పైకి పొంగినాయి.

సుంకన్న పెండ్లాం పక్కకు వంగినాడు.

"ఒక తప్పుండాది."

"ఏం తప్పు?"

"నాలుగు బోర్లు కాదు. మూడున్నర. నాలుగోది సగంలో బిట్టు ఇరిగిపోయి నిలిచిపాయ. నువ్వు అబద్ధం ఏడవవు కదా."

మారెక్క తెల్లపంచె మీద నుంచి చూపు తిప్పలేదు. "నిజంగా ఏడ్చే రోజు సర్ది ఏడుస్తాలే. దానికింకా శానా టైముండాది." కొంగు ముడి విప్పి ఒక మాత్ర తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "రాత్రిది ఇప్పుడే ఏసుకో. మళ్లా మరిచిపోతావు. చెప్పులు యాడ ఇడిస్తివి?"

సుంకన్న కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.